రెండో సంచి మట్టి

మా బావగారికి వీధిలో పెట్టిన పేరు ఫస్టుక్లాసు. ఎవరు ఏమడిగినా ఆయన నోట వచ్చే మాట అదొక్కటే. పంట ఎలా ఉందంటే ఫస్టుక్లాసు. ఒంట్లో ఎలా ఉందంటే ఫస్టుక్లాసు. మోటారు కాలిపోయి, నాలుగు రోజులుగా నీళ్ళు లేక చిక్కుడు తీగలు వేలాడిపోతుంటే, గట్టు మీద నిలబడి దారిన పోయేవాడితో కూడా ఫస్టుక్లాసే. ఆ పేరు వెక్కిరింతకి పెట్టారని ఆయనకి ఈనాటికీ తెలియదు. బిరుదు ఇచ్చారనుకుని మురిసిపోతూ ఉంటాడు.

ఆయన మా ఆయనకి అన్నయ్య. నేను ఈ ఇంటికి చిన్న కోడలిగా వచ్చి పద్నాలుగేళ్ళయింది. పద్నాలుగేళ్ళుగా ఒకే కప్పు కింద ఆ మనిషిని భరిస్తున్నాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకుంది. చెడ్డవాడని అనను. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈయన అన్నీ మంచికే చేస్తాడు, అదే మా ఖర్మ.

మా ఇల్లు చూస్తే సగం మనిషి అర్థమవుతాడు. వీధి వైపు గోడకి ఏటా రంగు వేయాల్సిందే. లేత నీలం, దానికి అంచు తెలుపు. వెనక గోడకి పెచ్చులూడి ఇటుకలు బయటికొచ్చి ఎన్నాళ్ళయిందో మాకే గుర్తులేదు. వానొస్తే వంటింట్లో పొయ్యి పక్కన అక్క, అంటే మా తోడికోడలు, ఒక బేసిను పెడుతుంది. బేసిను నిండితే నేను పారబోస్తాను, నేను పెడితే ఆవిడ పారబోస్తుంది. కప్పు బాగు చేయించమని అడిగితే, వెనక్కి ఎవరు వచ్చి చూస్తారమ్మా అంటాడు. చూసేవాళ్ళు లేకపోతే వానకి తడవమన్నమాట.

మార్కెట్టుకి పంపే టమాటా బుట్టలో పైవరస ఆయనే పేరుస్తాడు. ఆ పని ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. ఎర్రగా, గుండ్రంగా ఉన్నవి ఏరి, అక్క పైట చెంగుతో మరీ తుడిపించి, తొడిమలన్నీ ఒకే వైపుకి తిప్పుతాడు. అడుగున పుచ్చువి, పచ్చివి. కొనేవాడు గుడ్డివాడా? బుట్ట ఒక్క కుదుపు కుదిపి చూస్తాడు. అయినా మర్నాడు మళ్ళీ అదే కొలువు.

వీటన్నిటికంటే నన్ను నవ్వించింది ఆయన రక్తపరీక్ష. ఆయనకి చక్కెర జబ్బు ఉందని డాక్టరు అనుమానం. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోమన్నాడు. పరీక్షకి నాలుగు రోజుల ముందు నుంచీ తీపి మానేస్తాడు, అన్నం సగం చేస్తాడు, చెరువు దాకా రెండు పూటలా నడుస్తాడు. ఇదేం పద్ధతి బావగారూ అని అడిగితే, చదువుకోకుండా ఎవరైనా పరీక్షకి వెళ్తారా అన్నాడు. రిపోర్టు భేషుగ్గా వస్తుంది. వస్తూ వస్తూ మిఠాయి కొట్టు దగ్గర ఆగుతాడు. ఆయన ఎడమ కాలి బొటనవేలి మీద పుండు పడి వానాకాలమంతా మానలేదు. డాక్టరు రిపోర్టు చూసి, చక్కెర లేదే, మరెందుకు మానటం లేదని తల గోక్కున్నాడు. అక్క గుడ్డ కట్టింది. నేను నవ్వాను గానీ, ఇదే మనిషి మా పొలానికీ ఇదే పని చేశాడని అప్పటికి నాకు తెలియదు.

మాకున్నది మూడెకరాలు. రోడ్డు పక్కన రెండెకరాలు, దాన్ని పై చెక్క అంటాం. అక్కడి నుంచి నేల వాలుగా దిగి, మురుగు కాలువ గట్టు దగ్గర ఆగుతుంది. ఆ కింది ఎకరం కింది చెక్క. మామగారు పోయే ముందు కింది చెక్క చిన్నవాడిదని నోటిమాటగా అన్నారు. కాగితాలు కాలేదు, పెత్తనం బావగారిదే. మా ఆయనకి కట్టెల మిల్లులో పని, పొద్దున పోతే సాయంత్రం వస్తాడు, వచ్చాక కూడా పెద్దగా మాట్లాడడు. అందుకని కింది చెక్కలో దున్నించడం నుంచి కోత దాకా నాదే. ఆ నేల తడిసినప్పుడు ఎలా ఉంటుందో, ఆరినప్పుడు ఎక్కడ బీటలు తీస్తుందో, ఏ మూల నీళ్ళు నిలుస్తాయో నా కాళ్ళకి తెలుసు.

నాలుగేళ్ళ కిందట మట్టి పరీక్షల ఆఫీసు వాళ్ళు రైతులందరికీ గుడ్డ సంచులు పంచారు. పొలంలో మట్టి తీసి పంపితే ఏ ఎరువు ఎంత వేయాలో చెబుతామన్నారు. సంచి బావగారి చేతిలో పడింది. ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తనే మట్టి తీసి, ఆరబెట్టి, జల్లించి, సంచి మూతికి కొత్త తాడు కట్టి పట్టుకెళ్ళాడు. నెల తర్వాత రిపోర్టు వచ్చింది. సారం అధికం, పోషకాలు అధికం, ఎరువు తగ్గించుకోవచ్చు. ఇక చూడాలి ఆయన సంబరం. ఆ కాగితానికి గాజు ఫ్రేము కట్టించి ముందు గదిలో గడియారం పక్కన తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్ళ కంటే ముందు ఆ ఫ్రేము చూపించేవాడు. మా మట్టి ఫస్టుక్లాసండీ అని చెప్పి చెప్పి ఊదరగొట్టాడు.

ఎరువు తగ్గించుకోవచ్చన్న ముక్కని మాత్రం వెంటనే పట్టుకున్నాడు. కింది చెక్కకి వెళ్ళే పేడ ఎరువు ఆగిపోయింది. తట్టెడు తట్టెడూ పై చెక్కలో రోడ్డు పక్క మళ్ళకే. అక్కడైతే బస్సులో పోయేవాళ్ళకి కూడా కనిపిస్తుంది మరి.

ఆ మరుసటి ఏడు నుంచి కింది చెక్క నీరసించింది. చిక్కుడు గింజ వేస్తే పదికి నాలుగు మొలిచేవి. మొలిచిన వాటికి ఆకుల అంచులు కాలినట్టు ఎండిపోయేవి. ఉల్లి వేస్తే గోలీకాయంత ఊరి ఆగిపోయేది. ఎరువు కావాలి బావగారూ అని నేను, రిపోర్టు ఉందమ్మా అని ఆయన. రిపోర్టు తప్పేమో అంటే, ఆఫీసు ముద్ర చూడు అని ఫ్రేము దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఒకరోజు వాకిట్లో నలుగురు కూర్చుని ఉండగా కింది చెక్క మాట వచ్చింది. అప్పుడు అందరి ముందూ అన్నాడు.

"మట్టి ఫస్టుక్లాసు. అందులో పని చేసే చెయ్యి ఎలాంటిదో మనం చూసుకోవాలి."

నేను మంచినీళ్ళ చెంబుతో గుమ్మంలో నిలబడి ఉన్నాను. నలుగురూ నా చేతుల వంక చూశారు. ఒళ్ళు మండిపోయింది, కానీ ఏమనగలను? ముద్ర వేసిన కాగితం ఆయన పక్షాన ఉంది. ఆ రోజు నుంచి అంట్లు తోముకుంటూ నా చేతుల్ని నేనే తిప్పి తిప్పి చూసుకునేదాన్ని. నిజంగానే నా చెయ్యి మంచిది కాదేమోనని మూడేళ్ళు అనుమానపడ్డాను. ఈ ఒక్కదానికి ఆయన్ని నేను ఎప్పటికీ క్షమించను.

ఎరువు ఇవ్వకపోతే పీడాపోయిందని ఒక వానాకాలం జీలుగ చల్లాను. పెరిగాక దాన్ని నేలలోనే కలిపి దున్నేస్తే అది కుళ్ళి ఎరువవుతుంది. పూత మొదలయ్యే వేళకి దున్నేయాలి, కాడ అప్పటికి లేతగా ఉంటుంది. జీలుగ నా నడుం దాటి పెరిగింది. పసుపు పూలు రాగానే దున్నే మనిషిని పిలిచాను. బావగారు గట్టు మీద అడ్డం నిలబడ్డాడు. కాలువ గట్టున పోయేవాళ్ళందరూ ఆగి చూస్తున్నారట, ఇంత అందంగా ఉన్నదాన్ని దున్నేయడానికి చేతులెలా వస్తాయట, ఇంకో పది రోజులు ఉంచమన్నాడు. పది కాస్తా ముప్పై అయింది. కాడలు కట్టెల్లా ముదిరాయి. దున్నితే ముక్కలై పడ్డాయే గానీ కుళ్ళలేదు. వాటి మీద నాటిన ఉల్లినారు పసుపుపచ్చగా మారి కూర్చుంది. అదీ నా చేతి మీదికే వచ్చింది.

ఇలా ఉండగా బట్టీవాడు దిగాడు. ఇటుకల బట్టీ యజమాని. బావగారి డప్పు అంత దూరం దాకా వినిపించిందేమో, నల్లమట్టి కావాలని వెతుక్కుంటూ వచ్చి, ముందు గదిలో కూర్చుని, ఫ్రేములో కాగితం పై నుంచి కిందికి చదివాడు. వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. కింది చెక్కలో కాస్తో కూస్తో పచ్చగా పైరు నిలిచి ఉంది. గట్టు మీద నుంచే చూసి తలూపాడు. మూడడుగుల లోతు దాకా పైమట్టి తీసుకుంటానన్నాడు. శీతాకాలం పంట కూడా పోతే ఎండలు ముదరగానే యంత్రం తెచ్చుకోమని బావగారు మాటిచ్చేశాడు. వీధిలో నిలబడి, పదిమంది వింటుండగా.

పైమట్టి పోతే పొలం పోయినట్టే. వంతెన దగ్గర అలా తవ్వించుకున్న చెక్క ఒకటి రోజూ చూస్తూనే ఉన్నాను. ఏడాదంతా నీళ్ళు నిలిచి, తుంగ మొలిచి, దోమలకి తప్ప ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది. ఫస్టుక్లాసు మట్టి అయితే బట్టీకి ఎందుకిస్తున్నారని ఆయన్నే అడిగాను. పండించే చెయ్యి లేనప్పుడు ఇటుకైనా కానీ అన్నాడు. మా ఆయనతో చెబితే అన్నయ్య మాటిచ్చాడుగా అన్నాడు. అన్నయ్య ఇచ్చిన మాటకున్న విలువ నాన్న ఇచ్చిన మాటకి లేకపోయింది.

శీతాకాలం పంట సగానికి పైగా పోయింది. ఎండలు మొదలయ్యాయి. కింది చెక్క ఆరి, కాలువ వైపు మూల రెండు మంచాలు పరిచినంత మేర తెల్లగా పొంగు తేలింది. ఉప్పు చల్లినట్టు. ఏటా ఎండల్లో కనిపించి వానలకి పోయేదే. పార తీసుకుని దాని మీద కాస్త మట్టి కప్పేశాను. ఎందుకు కప్పానో అప్పుడు ఆలోచించలేదు. యంత్రం రావడానికి ఇంకా నెలన్నర ఉంది.

సరిగ్గా అప్పుడే బావగారికి కొత్త పిచ్చి పట్టింది. మంచి రిపోర్టు వచ్చిన పొలానికి ఆఫీసు వాళ్ళు రోడ్డు పక్కన 'ఆదర్శ పొలం' అని బోర్డు పాతుతున్నారని విన్నాడు. దరఖాస్తు పెట్టాడు. పొలంలో మూడో వంతు తవ్వించెయ్యబోతూ ఆదర్శ పొలం బోర్డు అడిగిన మనిషిని లోకంలో ఇంకెక్కడా చూడలేం. బోర్డు పాతే ముందు మట్టి మళ్ళీ చూడాలని పరీక్షల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉంటాయి, చెప్పులకి ఎండిన బురద, భుజానికి సంచి, మాట తక్కువ. ఆయన వస్తాడని బావగారు గేటుకి రంగు వేయించాడు, ఆవుని కడిగించాడు, నన్ను మంచి చీర కట్టుకోమన్నాడు. నేను కట్టుకోలేదు.

ఆఫీసాయన ఫ్రేము చూశాడు. ఆ అంకెలు చూసి కనుబొమలు పైకి లేపాడు. పోయినసారి మట్టి ఎక్కడ తీశారో చూపించమన్నాడు. బావగారు రొమ్ము విరుచుకుని ముందు నడిచాడు. వెనక ఆఫీసాయన, ఆయన వెనక నేను. పై చెక్క దాటాడు. కింది చెక్క వైపు తిరుగుతాడనుకుంటే తిరగలేదు. నేరుగా పశువుల పాక వెనక్కి వెళ్ళి, పెంటకుప్ప అంచున నిలబడి వేలు చూపించాడు.

"ఇదిగోండి, ఇక్కడే. మా పొలం మొత్తం మీద ఇంతకంటే మంచి మట్టి లేదు."

ఆఫీసాయన పెంటకుప్ప చూశాడు, బావగారిని చూశాడు. ఇక్కడ ఏం పండిస్తారని అడిగాడు. పెంటకుప్పలో ఏం పండిస్తామండీ అని బావగారు నవ్వాడు. మరి ఇక్కడి మట్టి ఎందుకు పంపారు అంటే, ఆ మనిషి కాస్తయినా తడబడాలి కదా. లేదు. ఎదుటివాడికి ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూశాడు.

"ఫోటోకి కూర్చునేటప్పుడు మొహం కడుక్కుంటాం కదండీ. ఆఫీసుకి పంపేది చెత్త మట్టి ఎలా పంపుతాం?"

నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది. మూడేళ్ళుగా నా చేతిని అన్న మాటలన్నీ పేడ మట్టి రిపోర్టు చూసి అన్నవా? ఆఫీసాయన మాత్రం నవ్వలేదు. పాక నీడలో కూర్చుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. ఆ కాగితం మార్కులు వేసేది కాదని, జబ్బు ఎక్కడుందో చూసేదని, మూడేళ్ళుగా తను పెంటకుప్పకి వైద్యం రాసిచ్చాడే తప్ప పొలానికి కాదని అన్నాడు. పదికి నాలుగే మొలుస్తున్నాయని నేను చెబితే, ఎరువు లేని ఆ పొలంలో ఈవిడ మొలిపించిన ఆ నాలుగు గింజలే గొప్ప అని నా వైపు చూపించాడు. బావగారు ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. ఆయన నోట మాట పడిపోవడం ఈ పద్నాలుగేళ్ళలో అదే మొదలు. కళ్ళారా చూసుకున్నాను.

వెళ్తూ ఆఫీసాయన నాకు రెండు గుడ్డ సంచులిచ్చాడు. కింది చెక్కలో వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది చోట్ల జానెడు లోతు తవ్వి, ఆ మట్టంతా కలిపి ఒక సంచిలో వేయమన్నాడు. ఎక్కడైనా నేల తేడాగా కనిపిస్తే, రంగు మారినా, తెల్లగా ఉన్నా, ఆ చోటి మట్టి దీనితో కలపకుండా రెండో సంచిలో విడిగా వేయమన్నాడు. అసలు చూడాల్సింది ఆ సంచేనని కూడా అన్నాడు.

ఎండ వాలాక పార, తట్ట తీసుకుని దిగాను. మధ్యాహ్నమంతా పాకలోనే కూర్చున్న బావగారు, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ వెనకే వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. ఇప్పుడెందుకు వచ్చినట్టు అనుకున్నాను. ఎనిమిది గుంతలూ తవ్వాను. మట్టి కలిపాను, మొదటి సంచి నింపి మూతి కట్టాను. రెండోది నాలుగు మడతలు పెట్టి బొడ్డున దోపుకున్నాను.

"ఆ సంచి మడిచేశావేం అమ్మాయ్?"

"తేడా ఏం కనపడలేదు బావగారూ."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది నా నోట్లోంచి. ఎనిమిది గుంతల్లో ఒక్కటి కూడా కాలువ వైపు మూలకి పోలేదు. నా కాళ్ళు ఆ మూలని చుట్టుకుని పోయాయి. అది మరీ అంత చెడ్డదని కాగితం మీద తేలితే, ఇలాంటి నేల ఉంచుకుని ఏం చేస్తావు, బట్టీకే పోనీ అంటారని నా భయం. నా పొలం మొహం నేనూ కడిగాను మరి. బావగారు ఆ మూల వంక చూశాడు. నేను కప్పిన మట్టి గాలికి లేచిపోయి తెలుపు మళ్ళీ బయటపడింది. తర్వాత నా వంక చూశాడు.

"నేనూ అలాగే చూసేవాణ్ణి," అన్నాడు.

అంతే. ఎత్తిపొడుపు లేదు, గొంతు పెంచలేదు. చెయ్యి చాచాడు. సంచి తీసి ఇచ్చాను. కుంటుకుంటూ వెళ్ళి, ఆ తెలుపు మధ్యలో చతికిలబడి, పార అడక్కుండా వేళ్ళతోనే తవ్వి నింపాడు.

రిపోర్టులు పదిహేను రోజుల్లో వచ్చాయి. మొదటి సంచిలో సారం తక్కువ, పేడ ఎరువు వేస్తే కోలుకుంటుంది. రెండో సంచిలో ఉప్పు. కాలువ వైపు నీళ్ళు బయటికి పోయే దారి లేక ఉప్పు పైకి తేలుతోందనీ, అక్కడ పిల్ల కాలువ తీసి వాననీటితో కడగాలనీ, జీలుగ వేసి పూతకి ముందే దున్నాలనీ రాశారు. బావగారు రెండు కాగితాలూ చదివి, రెండోది జేబులో పెట్టుకున్నాడు. నాకు మళ్ళీ అనుమానమే. దాన్ని చింపేస్తాడనుకున్నాను.

చెప్పిన రోజుకి బట్టీవాడు వచ్చాడు. యంత్రం వీధి చివర ఆగింది. దాన్ని చూడ్డానికి సగం వీధి బయటికొచ్చింది. బావగారు గేటు దగ్గరే అతన్ని ఆపి జేబులోంచి కాగితం తీశాడు.

"మాటిచ్చాను, తీసుకెళ్ళు. కానీ ముందు ఇది చదువుకో. మా మట్టిలో ఉప్పుంది."

వీధంతా వింది. ఫస్టుక్లాసు నోట ఆ మాట విని ఎవరూ నవ్వలేదు కూడా, అంత తెల్లబోయారు. బట్టీవాడు కాగితం చదివి, నమ్మక, కింది చెక్కలోకి దిగాడు. ఆ మూల చిటికెడు మట్టి తీసి నాలుక మీద పెట్టుకుని తుపుక్కున ఉమ్మేశాడు. ఉప్పుమట్టితో కాల్చిన ఇటుకకి తెల్లపూత పట్టి పొరలు ఊడతాయి, ఈ ఉప్పు ఎకరంలో ఎంతదాకా పాకిందో ఎవరికి తెలుసు, అలాంటి ఇటుక ఒక్కటి అమ్మినా నా బట్టీ పేరు పోతుందని గొణిగి, యంత్రం వెనక్కి తిప్పించాడు.

ఈ వానాకాలం పిల్ల కాలువ తీయించాను. జీలుగ మోకాలు దాటింది. పది రోజుల్లో దున్నిస్తాను, ఎవరు అడ్డొచ్చినా ఆగను. బావగారు మారిపోయాడని మాత్రం అనుకోకండి. పెంటకుప్ప రిపోర్టు ఇంకా గడియారం పక్కనే వేలాడుతోంది. మొన్న రక్తపరీక్షకి కూడా నాలుగు రోజుల ముందు నుంచే తీపి మానేశాడు. కాలి పుండు అలాగే ఉంది. నా చేతిని అన్న మాట తప్పని ఇంతవరకూ ఒప్పుకోలేదు, ఒప్పుకోడు కూడా. ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మంటే.

అయితే మొదటి సంచి ఒక్కటే పంపి ఉంటే, బట్టీవాడు ఆ కాగితం చూసి సంతోషంగా తవ్వుకుపోయేవాడు. నా ఎకరం ఈపాటికి ఎవరి గోడల్లోనో ఉండేది. ఆ సంచి మడిచింది నేను, విప్పింది ఆయన. ఈ సంగతి మా ఆయనకి చెప్పలేదు, అక్కకి చెప్పలేదు. బావగారు కూడా ఎవరితోనూ అనలేదు.